బొచ్చు గొరిగించి స్వెట్టర్ తొడుగుతారా?

మూగజీవాల డాక్టరు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం చలి గురించే, మిగతా సగం బీమా గురించి. బీమా ఉత్తరాలు ఎందుకు పెరిగాయో తెలీదు గానీ నేను పశువుల డాక్టర్ని, ఇన్సూరెన్స్ ఏజెంటుని కాదు. అయినా ఒడిశాలో మా కొరాపుట్ ఒకే జిల్లాగా ఉన్న రోజుల నుంచి (1992లో దాన్ని నాలుగు ముక్కలు చేశారు, కొత్త పాఠకుల కోసం చెబుతున్నా) పోస్ట్‌మార్టం రిపోర్టులు రాసి రాసి, ఏ క్లెయిము పాసవుతుందో ఏది తిరిగొస్తుందో చూసి చూసి, ఆ కాగితాల సంగతి కొంత ఒంటబట్టింది. పేర్లు వేయడం లేదు, ఊరు చాలు.

సెమిలిగుడ నుంచి ఒక గృహిణి: డాక్టర్ గారూ, మా ఇంట్లో రెండు కుక్కలు. ఒకటి నాలుగేళ్ళ ల్యాబ్రడార్, రెండోది ఏడాదిన్నర డాషండ్. ఇక్కడి చలి మీకు తెలిసిందే, సాయంత్రం ఐదయ్యేసరికి మేమే శాలువాలు కప్పేసుకుంటున్నాం. ఆన్‌లైన్‌లో రెండింటికీ ఒకే రకం ఎర్ర స్వెట్టర్లు తెప్పించాను. చిన్నది బుద్ధిగా వేయించుకుంది గానీ ల్యాబ్ గంటలో పళ్ళతో పీకి పీలికలు చేసింది. 700 రూపాయలు మట్టిపాలు. మళ్ళీ కొనాలా? మావారేమో "దానికి దేవుడిచ్చిన కోటుంది కదే" అని వెక్కిరిస్తున్నారు.

అమ్మా, ఈ ఒక్క విషయంలో మీవారు చెప్పిందే నిజం. ల్యాబ్రడార్‌కి రెండు పొరల బొచ్చు. పైన నీళ్ళు జారిపోయే గరుకు వెంట్రుకలు, కింద దూదిలాంటి మెత్తటి పొర, ఆ మెత్తటి పొరలో గాలి చిక్కుకుని ఉంటుంది, నిజానికి చలిని ఆపేది ఆ గాలే. దానిమీద బిగుతు స్వెట్టర్ వేస్తే పొర అణిగిపోతుంది, అంటే మీరు డబ్బిచ్చి మరీ దాని పరుపుని చదును చేస్తున్నారన్నమాట. అది పీకి పారేసిందంటే పాపం దానికి తెలుసు. జర్మన్ షెపర్డ్, పొమేరియన్ వీటిదీ ఇదే వరస. తడవకుండా, ఈదురుగాలి తగలకుండా ఉంటే చాలు.

డాషండ్ కథ పూర్తిగా వేరు. పొట్టి బొచ్చు, చిన్న ఒళ్ళు, పైగా పొట్ట నేలకి జానెడు ఎత్తులో ఉంటుంది కాబట్టి పొద్దున్నే గడ్డిలోకి దిగిందంటే మంచు మొత్తం పొట్టకే. చిన్న గిన్నెలో పాయసం త్వరగా చల్లారుతుంది, గుండిగలో పాయసం మధ్యాహ్నం దాకా వేడిగానే ఉంటుంది, ఒళ్ళు కూడా అంతే. అందుకని చిన్న కుక్కలు, పొట్టి బొచ్చువి, పిల్లలు, ముసలివి, జబ్బుపడి లేచినవి, బక్కచిక్కినవి, వీటికి స్వెట్టర్ వేస్తే నిజంగానే ఉపయోగం. డిసెంబరు, జనవరిల్లో సెమిలిగుడ, పొట్టంగి వైపు రాత్రి ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపుకి దిగడం మామూలే కదా. ఇంకో మాట, విశాఖలో పుట్టి పెరిగిన కుక్కని నవంబరులో బదిలీ మీద మీ కొండమీదికి తెస్తారు చూడండి, దానికి ఆ ఏడు బొచ్చు సరిగా పట్టదు. మొదటి శీతాకాలం దాన్ని కాస్త కనిపెట్టుకుని ఉండాలి.

కొనేముందు కొలతలు తీసుకోండి. ఆన్‌లైన్‌లో చిన్నది, పెద్దది అని చూసి ఆర్డరిచ్చేస్తారు, డాషండ్‌కేమో మనిషి సైజులో చెప్పాలంటే వీపు పెద్దాయనది, కాళ్ళు పసిపిల్లవి. టైలరు టేపు తీసుకుని మెడ చుట్టూ, ముందుకాళ్ళ వెనకాల ఛాతీ బాగా వెడల్పున్న చోట, తర్వాత మెడపట్టీ నుంచి తోక మొదలు దాకా, ఈ మూడూ రాసుకోండి. తొడిగాక మీ రెండు వేళ్ళు లోపలికి సులువుగా దూరాలి. మగకుక్క అయితే పొట్ట కింద భాగం కురచగా ఉండాలి, లేకపోతే పోసుకున్నప్పుడల్లా తడుస్తుంది, తడిసిన స్వెట్టర్ వేసి ఉంచడం కన్నా అసలు వేయకపోవడమే మేలు. బొత్తాలు వద్దు, కొరికి మింగుతాయి. రోజుకోసారి విప్పి ఒళ్ళంతా చేత్తో తడమండి, గోమార్లు స్వెట్టర్ కింద హాయిగా కాపురం పెడతాయి. ఎండెక్కాక తీసేయండి. రాత్రి ఒంటరిగా పడుకునే కుక్కకి వేసి వదిలేయొద్దు, దేనికైనా తగులుకుంటే ఊపిరాడదు.

డబ్బు పెట్టదలచుకుంటే మాత్రం స్వెట్టర్ కంటే ముందు పడకకి పెట్టండి. మొజాయిక్ గచ్చు రాత్రంతా కుక్క ఒంట్లో వేడిని పీలుస్తూనే ఉంటుంది, పైన ఎంత కప్పినా కింద నుంచి పోతుంది. పాత నులకమంచం మీద గోనెసంచి మడతపెట్టి పరిచి, గుమ్మానికి ఎదురుగా కాకుండా గోడ మూలకి వేయండి. ఇంతకన్నా మంచి డాగ్ బెడ్ నేనింతవరకూ చూడలేదు. ఆ చిరిగిన ఎర్ర స్వెట్టర్‌ని కూడా దానిమీదే పరిచేయండి, డబ్బు పూర్తిగా పోలేదు.

మోహనా నుంచి ఒక వ్యాపారి: సార్, చంద్రగిరి టిబెటన్ శిబిరంలో తెలిసినాయన దగ్గర లాసా ఆప్సో పిల్లని తెచ్చుకున్నాం, ఇప్పుడు మూడేళ్ళు. ఎండాకాలంలో ఉడికిపోతోందని నున్నగా గొరిగించాం, దీపావళికి శుభ్రంగా ఉంటుందని మళ్ళీ చేయించాం. ఇప్పుడు పొద్దున్నే గజగజ వణుకుతోంది. ఎలాంటి స్వెట్టర్ మంచిది?

బాబూ, మీ ఉత్తరం చదివి నవ్వాను, ఏమీ అనుకోకండి. ఉన్న ఇంటికప్పు పీకేసి టార్పాలిన్ ఏ రంగుది కొనమంటారని అడిగినట్టుంది. ఆ జాతి పుట్టిందే టిబెట్ కొండల్లో. ఆ జనం 1963లో చంద్రగిరి వచ్చి స్థిరపడ్డారు, చలికాలం వస్తే ఊరూరా తిరిగి మనందరికీ స్వెట్టర్లు అమ్ముతారు, అలాంటివాళ్ళ ఇంట్లో పుట్టిన కుక్క మీ ఇంటికొచ్చి స్వెట్టర్ లేక వణుకుతోంది.

జరిగిందేదో జరిగింది. మళ్ళీ బొచ్చు నిండుగా రావడానికి నెలలు పడుతుంది కాబట్టి ఈ ఏడాదికి వదులుగా ఉండే మెత్తటి ఫ్లీస్ గుడ్డది వేయండి. ఉన్ని అయితే గొరిగిన చర్మానికి గుచ్చుకుని గోక్కుంటుంది. బొచ్చు పెరిగేకొద్దీ రోజూ దువ్వాలి, స్వెట్టర్ రాపిడికి జడలు కడుతుంది. ఇకముందు హోళీ దాటాక కత్తిరించండి, అదీ అంగుళం ఉంచి. దసరా తర్వాత కత్తెర ముట్టుకోకండి. ఎండాకాలంలో కూడా నున్నగా గొరగడం మంచిది కాదు, ఎండ నేరుగా చర్మానికి తగులుతుంది.

పర్లాకిమిడి నుంచి ఒక రిటైర్డ్ ఉద్యోగి: మా పొమేరియన్‌కి పన్నెండేళ్ళు. పొద్దున లేవగానే వెనక కాళ్ళు వణుకుతూ, కాసేపు కుంటుతుంది. మా బావమరిది అరచెంచా బ్రాందీ పడితే వేడి పుడుతుందంటాడు. పట్టవచ్చా?

అయ్యా, బ్రాందీ మీ బావమరిదికే ఉంచేయండి. అది చర్మం కింద రక్తనాళాల్ని వెడల్పు చేస్తుంది, వేడెక్కినట్టు అనిపిస్తుంది గానీ నిజానికి ఒంట్లో వేడి బయటికి పోతుంది. మనిషికే అది మోసం, ఇక ఆరేడు కిలోల కుక్క సంగతి చెప్పనక్కర్లేదు.

పర్లాకిమిడిలో అంత చలి లేదు కూడా. మీరు రాసిన లక్షణాలు చూస్తే అది చలి వణుకు కంటే కీళ్ళనొప్పిలా ఉంది, లేచినప్పుడు పట్టేసి నడిచాక సర్దుకుంటోందంటే దాదాపు అదే. పశువుల ఆసుపత్రిలో చూపించి మందు రాయించుకోండి. ఈలోపు మీరు వేసుకునే నొప్పి బిళ్ళ మాత్రం విరిచి పెట్టొద్దు, డైక్లోఫెనాక్, ఇబుప్రోఫెన్ లాంటివి కుక్కల కడుపుని, కిడ్నీల్ని పాడుచేస్తాయి. పొమేరియన్‌కి స్వెట్టర్ అక్కర్లేదని పైన రాశాను, ముసలి పొమేరియన్‌కి ఆ రూలు లేదు. పలచటిది ఒకటి రాత్రి మీ గదిలో మీ కళ్ళముందు పడుకున్నప్పుడు వేయండి. వేడినీళ్ళ సీసాకి తువ్వాలు చుట్టి పక్కన పెట్టొచ్చు, వద్దనుకుంటే జరిగిపోయేంత చోటు ఉండాలి. ఇంట్లో ఒక థర్మామీటరు దానికోసం విడిగా ఉంచుకోండి, కుక్కకి 101 నుంచి 102.5 ఫారన్‌హీట్ మామూలు వేడి. మనకి జ్వరం, దానికి ఆరోగ్యం. 99 కంటే కిందికి పోతే మాత్రం ఆలస్యం చేయకండి.

రాయగడ నుంచి ఒక ప్రైవేటు ఉద్యోగి: సార్, మాది రెండేళ్ళ బీగిల్. మొన్న మొక్కజొన్న కండె మింగేసింది. రాత్రికి రాత్రి విశాఖ తీసుకెళ్తే ఆపరేషన్ చేసి తీశారు, రానూపోనూ ఖర్చులతో కలిపి 32 వేలు అయింది. ఇప్పుడు ఒక ఏజెంటు పెట్ ఇన్సూరెన్స్ తీసుకోమని వెంటపడుతున్నాడు, "అన్నీ కవరవుతాయి సార్" అంటాడు. తీసుకోమంటారా? పక్కింటివాళ్ళ దేశీ కుక్కకి కూడా ఇస్తారా?

తమ్ముడూ, "అన్నీ కవరవుతాయి" అన్న మనిషిని "ఏవి కవర్ కావో చెప్పు" అని అడుగు, అక్కడినుంచి అసలు మాటలు మొదలవుతాయి.

కుక్కల బీమా మన దేశంలో కొత్తదేమీ కాదు, ప్రభుత్వ కంపెనీలు ఎప్పటినుంచో అమ్ముతున్నాయి. పాత పద్ధతి పాలసీలు పశువుల బీమా లాంటివే, కుక్క ఖరీదు ఎంతో లెక్కగట్టి అది చచ్చిపోతే ఆ మొత్తం ఇస్తాయి. మీ 32 వేల ఆపరేషన్‌కి అలాంటి పాలసీ ఒక్క రూపాయి కూడా ఇవ్వదు, ఎందుకంటే కుక్క బతికింది కదా! ఈ మధ్య ప్రైవేటు కంపెనీలు తెచ్చినవాటిలో ఆసుపత్రి ఖర్చు, ఆపరేషన్, కుక్క తప్పిపోతే ప్రకటన ఖర్చు, కుక్క ఎవరినైనా కరిస్తే వాళ్ళకివ్వాల్సిన పరిహారం, ఇలా ముక్కలు ముక్కలుగా ఉంటాయి, ఏ ముక్క కావాలంటే దానికి డబ్బు కట్టాలి. కాబట్టి మీ మొదటి ప్రశ్న "ఇది చావుకా, వైద్యానికా?" అని ఉండాలి. చాలామంది చావు పాలసీ కొనుక్కుని వైద్యం బిల్లు పట్టుకెళ్తారు.

ఇక మినహాయింపులు. పాలసీ తీసుకునేనాటికే ఉన్న జబ్బు ఏదీ రాదు. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్, కాన్పులు, చెవులూ తోకా కోయించడం లాంటి సోకులు రావు. పాలసీ మొదలైన కొన్ని రోజులదాకా జబ్బులకి వర్తించదు, ఎన్ని రోజులో ఒక్కో పాలసీలో ఒక్కోలా ఉంటుంది, అది వేలుపెట్టి చూపించమనండి. రేబిస్, డిస్టెంపర్, పార్వో టీకాలు వేయించకుండా ఆ జబ్బులే వస్తే క్లెయిము పోయినట్టే. ఇక్కడే మనవాళ్ళు దెబ్బతింటారు, టీకా వేయిస్తారు గానీ కార్డు మీద సంతకం, స్టాంపు, బ్యాచ్ స్టిక్కరు వేయించుకోరు. "వేశాం సార్, కాంపౌండరు ఇంటికొచ్చి వేశాడు" అంటే కంపెనీ నమ్మదు. నేనూ నమ్మను. వైద్యం చేసిన డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు బిల్లు మీద లేకపోయినా పేచీయే.

వయసు కూడా చూడండి. ముసలి కుక్కకి కొత్తగా పాలసీ ఇవ్వరు, మామూలుగా ఏడెనిమిదేళ్ళు దాటితే తలుపు మూసేస్తారు, గ్రేట్ డేన్ లాంటి భారీ జాతులకి ఇంకా ముందే. మీది రెండేళ్ళది కాబట్టి ఇబ్బంది లేదు. ఈ మింగుడు ఆపరేషన్ సంగతి దరఖాస్తులో దాచకండి, అడిగిన చోట ఉన్నదున్నట్టు రాయండి. దాస్తే రేపు వేరే జబ్బుకి క్లెయిము పెట్టినా అదే కారణం చూపించి తిప్పికొడతారు.

లెక్క విషయానికొస్తే, ఉదాహరణకి 40 వేల కవరుకి నూటికి ఐదు చొప్పున 2 వేలు, పైన పన్ను, అనుకుందాం. ప్రతి క్లెయిములోనూ కొంత మీ చేతినుంచి పెట్టుకోవాలనే షరతు ఉంటే అది తీసేసి చూడండి, ఒక్కో జబ్బుకి విడిగా పరిమితి ఉంటే అదీ చూడండి. ఆ తర్వాత కూడా పదివేల పైన బిల్లుకి పనికొస్తుందనిపిస్తేనే తీసుకోండి. మనలాంటి చోట, పెద్ద ఆపరేషన్ అంటే విశాఖకో భువనేశ్వర్‌కో పరుగెత్తాల్సిన చోట, వైద్యానికి ఇచ్చే పాలసీ ఉండడం మంచిదనే నా అభిప్రాయం. చావుకి మాత్రమే ఇచ్చేది అయితే, పెంపుడు కుక్కకి, నేను కొనను. ఆ డబ్బు నెలనెలా పోస్టాఫీసులో వేసుకోవడం నయం. అది పోయాక వచ్చే పదివేలు ఏం చేసుకుంటాం?

దేశీ కుక్కకి కూడా ఇచ్చే కంపెనీలున్నాయి. కాకపోతే దేశీ కుక్క ఖరీదు ఎంత అన్న దగ్గర చిక్కు, సంతలో రేటు లేదు కదా, అందుకని చావు మొత్తం చాలా తక్కువ పెడతారు. వైద్యం కవరే చూసుకోమనండి. ఏ కుక్కకైనా మెడ వెనక మైక్రోచిప్ వేయిస్తే మంచిది, బియ్యపుగింజంత ఉంటుంది, అందులో 15 అంకెల నంబరు. రెండు బీగిళ్ళని పక్కపక్కన నిలబెడితే నేనే పోల్చలేను, కంపెనీవాడు ఫొటో చూసి ఏం పోలుస్తాడు?

గుణుపురం దగ్గర పల్లె నుంచి ఒక యువరైతు: డాక్టర్ గారూ, మాది జెర్సీ సంకరం ఆవు, రెండో ఈత, పూటకి ఆరు లీటర్లు ఇచ్చేది. పోయిన శీతాకాలంలో చచ్చిపోయింది. బీమా ఉంది. చెవి ట్యాగు అంతకు నెల ముందే కంపకి తగులుకుని ఊడిపోయింది, అది జేబులో పెట్టి ఇంట్లో దాచాం. ఆవు పోయిన మూడోరోజు ట్యాగు పట్టుకుని వెళ్తే కుదరదన్నారు. మాకు న్యాయం జరగదా? ఇంకో ఆవుకి ఇప్పుడు నెలలు నిండాయి, దాని దూడకి చలి ఎలా కాయాలో కూడా చెప్పండి.

నీ ఉత్తరం చదివి బాధేసింది బాబూ, ఎందుకంటే ఇలాంటివి నేను నా సర్వీసులో చాలా చూశాను, అందరిదీ ఇదే కథ. పశువుల బీమాలో అందరూ చెప్పే మాట ఒకటుంది, "నో ట్యాగ్, నో క్లెయిమ్". చెవికి ట్యాగు లేని ఆవు కంపెనీ దృష్టిలో నీ ఆవు కాదు, ఎవరిదో ఆవు. జేబులో ఉన్న ట్యాగు కూడా సాక్ష్యం కాదు, ఎందుకంటే ఏ ఆవు చెవిదో ఎవరు చెప్పాలి? ఊడిన రోజే పశువుల ఆసుపత్రికి గానీ మీ ఏరియా లైవ్‌స్టాక్ ఇన్‌స్పెక్టర్‌కి గానీ చెప్పి కొత్తది వేయించి, ఆ 12 అంకెల నంబరు కంపెనీకి కాగితం మీద రాసి ఇచ్చి, రసీదు తీసుకుని ఉంటే ఈపాటికి డబ్బు చేతికొచ్చేది. రెండో తప్పు, మూడు రోజులు ఆగడం. పోయిన వెంటనే ఫోను చేయాలి, డాక్టరొచ్చి పోస్ట్‌మార్టం చేసేదాకా పాతిపెట్టకూడదు, చెవి కనిపించేలా ఫొటోలు తీయాలి.

అయినా వదిలేయొద్దు. ట్యాగు ఊడిందని అప్పట్లో ఎవరికైనా చెప్పావా, డాక్టరు రిజిస్టరులో ఎక్కడైనా రాశారా వెతుకు. పాలసీ తీసుకున్నప్పుడు తీసిన ఫొటోలో మచ్చలు, కొమ్ముల తీరు కనిపిస్తే అవి చూపించి కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టు. నెల దాటినా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా భువనేశ్వర్‌లో బీమా అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు విని తేల్చే అధికారి) ఆఫీసు ఉంది, అక్కడ ఫిర్యాదుకి ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. కంపెనీ కాదన్న ఏడాదిలోపు వెళ్ళాలి. గెలుస్తావని మాట ఇవ్వలేను, ట్యాగు లేకపోవడం గట్టి దెబ్బే.

ఇప్పుడున్న ఆవుకి మాత్రం ఈ వారమే బీమా చేయించు. జాతీయ పశుసంపద మిషన్ కింద ప్రీమియంలో రైతు వాటా ఇప్పుడు 15 శాతమే, మిగతా 85 శాతం కేంద్రం, రాష్ట్రం పంచుకుంటాయి. 2024కి ముందు రైతు 20 నుంచి 50 శాతం దాకా కట్టాల్సి వచ్చేది. అంటే ప్రీమియం 1,500 అయితే నీ చేతినుంచి 225 రూపాయలు. మేకలు, గొర్రెలు కూడా వస్తాయి, పది మేకలు ఒక ఆవు కింద లెక్క. ఆవు ధర ఎంతని నువ్వు, డాక్టరు, కంపెనీ మనిషి కలిసి నిర్ణయిస్తారు, అప్పుడు మొహమాటపడి తక్కువ చెప్పకు, పాల లీటర్లు, ఈత చెప్పు. ఒకవేళ క్లెయిము పెట్టాల్సి వస్తే నాలుగు కాగితాలు, కంపెనీకి ముందుగా చెప్పినట్టు రుజువు, పాలసీ, క్లెయిము ఫారం, పోస్ట్‌మార్టం రిపోర్టు. పాలసీ కాగితం ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఉందని పెట్టెలో పడేయకుండా చదువుకున్నవాళ్ళ చేత చదివించుకో.

దూడ సంగతి. పుట్టిన వెంటనే తల్లి నాకుతుంది, నాకనీ, తర్వాత పొడి గోనెతో గట్టిగా రుద్ది తడి లేకుండా చేయి. గంటలోపు ముర్రుపాలు తాగించాలి, ఏ స్వెట్టర్‌కీ ఆ వేడి లేదు. దూడ బరువు 25 కిలోలుంటే మొదటి రోజు మొత్తమ్మీద రెండున్నర లీటర్లు, ఒకేసారి కాదు, విడతలుగా. మాయ పడేదాకా పాలు పితకకూడదనే మాట మీ ఊళ్ళో కూడా ఉంటుంది, దాన్ని నమ్మి ఎన్ని దూడలు పోయాయో. గోనెసంచిని విప్పి రెండు మడతలుగా వీపు మీద వేసి, పొట్ట కింద, ఛాతీ దగ్గర గుడ్డపీలికలతో కట్టు, నాడాలు తొక్కుకునేంత పొడుగు ఉండకూడదు. తడిస్తే మార్చు. కింద వరిగడ్డి దూడ కాళ్ళు మునిగేంత వేయి. పాకకి గాలి వచ్చే వైపు తడిక కట్టు, పైన కాస్త వదులు, మొత్తం మూసేసి లోపల పొగ పెట్టేవాళ్ళున్నారు, చలి పోతుంది గానీ ఊపిరితిత్తులు పోతాయి. ఏదైనా అయితే 1962కి ఫోన్ చేసి చూడు, సంచార పశువైద్య వాహనం నంబరు అది.

సునాబెడ నుంచి ఒక పాఠకుడు: మనుషులకే కంబళ్ళు లేని కొండల్లో కుక్కలకి స్వెట్టర్ల గురించి రాయడానికి సిగ్గుగా లేదా?

లేదు. కంబళి లేని ఇంట్లో కూడా రాత్రి మేకపిల్లని పక్కలో పెట్టుకుని పడుకుంటారు, దేవమాలి కొండ కింది ఊళ్ళలో నేను కళ్ళారా చూశాను. ఒకరి వెచ్చదనం ఒకరికి. మీకు కోపం వచ్చింది ఎర్ర స్వెట్టర్ల మీద అయితే అది నాకూ ఉంది, పైన రాశాను.

బరంపురం నుంచి ఒక విద్యార్థి: మా హాస్టల్ వెనక వీధికుక్క ఐదు పిల్లల్ని పెట్టింది. ఫ్రెండ్స్ అందరం డబ్బులేసుకుని పిల్లలకి స్వెట్టర్లు కొనాలనుకుంటున్నాం.

కొనకండి. బరంపురంలో చలి కంటే మంచు, తడి ఎక్కువ. పసిపిల్లలకి ఒంటివేడి తల్లిదే, స్వెట్టర్ వేస్తే తల్లి నాకలేదు, పాలు తాగేటప్పుడు కాళ్ళు చిక్కుకుంటాయి. పాత లారీ టైరులో గోనెసంచి కుక్కి, పైన రేకు ముక్క ఏటవాలుగా పెట్టి, గోడవారన ఉంచండి. మిగిలిన డబ్బుతో తల్లికి అన్నం, కోడిగుడ్డు పెట్టండి. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదటి టీకా, మూడు నెలలకి రేబిస్ టీకా. అప్పటికి మీకు పరీక్షలొస్తాయి, అయినా మర్చిపోకండి.

జయపురం నుంచి ఏడో తరగతి పాప: అంకుల్, మా పిల్లి పేరు బూరెలు. అమ్మమ్మ దానికి పసుపు రంగు స్వెట్టర్ అల్లింది. తొడిగితే పక్కకి పడిపోయి కదలకుండా పడుకుంటోంది, చచ్చిపోయిందేమో అనుకుని ఏడ్చేశాను. జలుబు చేసిందని నాన్న బామ్ రాస్తానన్నారు. పిల్లులకి ఇన్సూరెన్స్ ఉంటుందా?

బూరెలుకి ఏమీ కాలేదమ్మా. పిల్లి ఒంటికి ఏదైనా తగిలించామంటే అది అలాగే కట్టెలా పడిపోతుంది, విప్పగానే లేచి అలమారెక్కుతుంది, నువ్వే చూడు. బామ్ మాత్రం నాన్నగారిని అస్సలు రాయొద్దని చెప్పు, అందులో కర్పూరం ఉంటుంది, పిల్లి దాన్ని నాకి మింగేస్తుంది, అది దానికి విషం. జ్వరం బిళ్ళ, అదే పారాసిటమాల్, అరముక్క పెట్టినా పిల్లి ప్రాణం పోవచ్చు. ముక్కు కారుతూ, తిండి మానేస్తే డాక్టరుకి చూపించండి. పిల్లులకి కూడా పాలసీలిచ్చే కంపెనీలు ఇప్పుడున్నాయి, కానీ దానికి ముందు టీకా కార్డు కావాలి, బూరెలుకి ఉందా? పొద్దున్నే నాన్నగారు బండి తీసేముందు బానెట్ మీద రెండుసార్లు తట్టమను, పిల్లులు వెచ్చగా ఉందని ఇంజను పక్కన దూరి పడుకుంటాయి.

స్వెట్టర్ విషయం అమ్మమ్మకి ఎలా చెప్పాలా అని భయపడకు. దాన్ని బూరెలు పడుకునే బుట్టలో పరిచేయి. రాత్రికి దానిమీదే ముడుచుకుని పడుకుంటుంది, అప్పుడు అమ్మమ్మని పిలిచి చూపించు.